దక్షిణాఫ్రికా పార్లమెంటు

దక్షిణాఫ్రికా గణతంత్రానికి రెండు సభల పార్లమెంటు ఉంది. దిగువ సభ పేరు నేషనల్ అసెంబ్లీ. అందులో 400 మంది సభ్యులు. ఐదేళ్లకోసారి జరిగే ఎన్నికల్లో పడిన ఓట్ల దామాషాలో ఈ స్థానాలు పార్టీలకు దక్కుతాయి. ఎగువ సభ నేషనల్ కౌన్సిల్ ఆఫ్ ప్రావిన్సెస్. తొమ్మిది ప్రావిన్సుల నుంచి తలా పదిమంది చొప్పున 90 మంది ప్రతినిధులు అందులో కూర్చుంటారు. రెండు సభలూ కొలువుదీరేది కేప్‌టౌన్‌లో. మంత్రిత్వ శాఖల కార్యాలయాలు మాత్రం దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలో ప్రిటోరియాలో ఉంటాయి. అప్పీళ్ల సుప్రీంకోర్టు బ్లూమ్‌ఫాంటీన్‌లో, రాజ్యాంగ న్యాయస్థానం జొహానెస్‌బర్గ్‌లో ఉన్నాయి. జొహానెస్‌బర్గ్‌ను మినహాయిస్తే, ఇది 1910లో నాలుగు కాలనీలు ఒక్కటైనప్పుడు రాజధాని ఎక్కడన్న తగవు తెగక కుదుర్చుకున్న రాజీ. దాని ఖర్చును దేశం నేటికీ భరిస్తూనే ఉంది.

ఈ దేశంలో పార్లమెంటు సర్వాధికారి కాదు, రాజ్యాంగమే సర్వోన్నతం. పార్లమెంటు చేసిన చట్టాన్నే కాదు, అది తన బాధ్యతను నెరవేర్చిన తీరును కూడా కోర్టులు తప్పుపట్టగలవు, చాలాసార్లు తప్పుపట్టాయి కూడా. ఇంత కట్టుదిట్టం ఎందుకు చేసుకున్నారో తెలియాలంటే పాత పార్లమెంటు సాగించిన పనులు చూడాలి.

తెల్లవారి సభ నుంచి అందరి సభకు

1910 మే 31న ఏర్పడిన దక్షిణాఫ్రికా యూనియన్‌లో పార్లమెంటు సభ్యత్వం తెల్లవారికే పరిమితం. కేప్ ప్రావిన్సులో మాత్రం ఆస్తి, చదువు ఉన్న నల్లవారికి, మిశ్రమ జాతీయులకు ఓటుండేది. 1936లో నల్లవారిని ఉమ్మడి ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. 1951లో మిశ్రమ జాతీయులను తీసేస్తూ చేసిన చట్టం చెల్లదని కోర్టు కొట్టేసింది. దానికి మూడింట రెండొంతుల మెజారిటీ కావాలంది. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. 1955లో సెనేట్‌ను 48 మంది నుంచి 89 మందికి పెంచి, తనవాళ్లతో నింపి, మెజారిటీని తయారుచేసుకుంది. మరుసటి ఏడు ఆ ఓట్లను ఊడబెరికింది. అంతా సభా నియమాల ప్రకారమే జరిగింది. పార్లమెంటే సర్వోన్నతమనే సూత్రం మీద నల్లవారి నాయకులకు నమ్మకం పోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఆ చీకటి రోజుల్లోనూ సభను సభలా వాడుకున్న మనిషి హెలెన్ సుజ్‌మన్. 1961 నుంచి 1974 దాకా పదమూడేళ్లపాటు ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున ఆమె ఒక్కతే సభ్యురాలు. ఓటింగులో ఆమెకు గెలుపు సాధ్యం కాదు. అందుకే ఆమె ప్రశ్నలు వేసింది. జైళ్లలో ఎంతమంది ఉన్నారు, విచారణ లేకుండా ఎవరిని నిర్బంధించారు, ఏ బస్తీని ఎప్పుడు ఖాళీ చేయించారు అని అడిగింది. సభలో మంత్రి ఇచ్చిన జవాబును పత్రికలు భయం లేకుండా అచ్చువేసుకోవచ్చు. ఒక్క సభ్యురాలి ప్రశ్నల వల్ల దేశానికి, ప్రపంచానికి తెలిసిన నిజాలు తక్కువేమీ కావు.

1983 రాజ్యాంగం మూడు సభల పార్లమెంటును తెచ్చింది. తెల్లవారికి 178 మంది సభ్యులు, మిశ్రమ జాతీయులకు 85, భారతీయులకు 45. దేశ జనాభాలో అత్యధికులైన నల్లవారికి సున్నా. భారతీయుల సభ పేరు హౌస్ ఆఫ్ డెలిగేట్స్. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ రేవుకు చేరిన తొలి ఒప్పంద కూలీలతోనూ, ఆ తర్వాత వచ్చిన ఓడలతోనూ తెలుగు కుటుంబాలు నేటాల్ చెరకు తోటలకు చేరాయి. వాళ్ల మనవలు, మునిమనవలు కూడా 1984లో ఈ సభకు ఓటేయాల్సిన వాళ్ల లెక్కలోకి వచ్చారు. కానీ నమోదైన భారతీయ ఓటర్లలో దాదాపు ఐదో వంతు మందే పోలింగు కేంద్రాలకు వెళ్లారు. నల్లవారిని బయట నిలబెట్టి తమకు వేసిన కుర్చీని తక్కినవారు కాదన్నారు. ఆ బహిష్కరణ దక్షిణాఫ్రికా భారతీయుల చరిత్రలో తలెత్తుకు చెప్పుకోదగ్గ ఘట్టం.

1990 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు డి క్లర్క్ ఇదే పార్లమెంటులో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) మీద నిషేధం ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. 1994 ఏప్రిల్‌లో అందరూ ఓటేసిన తొలి ఎన్నికలు జరిగాయి. మే 9న కొత్త అసెంబ్లీ నెల్సన్ మండేలాను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. స్పీకర్ పీఠం మీద భారతీయ సంతతికి చెందిన ఫ్రీన్ గిన్‌వాలా కూర్చున్నారు. పదేళ్లపాటు ఆ పదవిలో ఉండి, కొత్త సభకు నియమాలు, సంప్రదాయాలు ఏర్పరచినవారిలో ఆమెది మొదటి పేరు. ఈ అసెంబ్లీ, నాటి ఎగువ సభ సెనేట్ కలిసి రాజ్యాంగ పరిషత్తుగా కూర్చున్నాయి. దానికి అధ్యక్షత వహించింది సిరిల్ రామఫోసా. వాళ్లు ఆమోదించిన ముసాయిదాను రాజ్యాంగ న్యాయస్థానం ఒకసారి తిప్పి పంపింది. సరిదిద్దాక అంగీకరించింది. 1996 డిసెంబరు 10న మండేలా షార్ప్‌విల్‌లో సంతకం చేశారు. 1997 ఫిబ్రవరి 4 నుంచి అది అమల్లో ఉంది.

సభ్యుడు ఎక్కణ్ణుంచి వస్తాడు

భారతదేశంలో ఓటరుకు తన ఎంపీ పేరు తెలుస్తుంది, నియోజకవర్గం తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో ఓటరు ఓటేసేది ప్రధానంగా పార్టీకి. పార్టీ ముందే వరస ప్రకారం పేర్ల జాబితా ఇస్తుంది. వచ్చిన ఓట్లను బట్టి ఆ జాబితాలో పైనుంచి ఎంతమంది సభకు వెళ్లాలో లెక్క తేలుతుంది. 200 స్థానాలు ప్రావిన్సుల వారీ జాబితాల నుంచి వస్తే, మిగతా 200 స్థానాలు మొత్తం దేశంలో పార్టీకి వచ్చిన ఓట్ల శాతానికి సీట్లు సరితూగేలా సర్దుబాటు చేస్తాయి. ఇంత శాతం వస్తేనే సీటు అన్న కనీస గీత లేదు. అందుకే ఒకటి రెండు సీట్ల పార్టీలు కూడా సభలో ఉంటాయి. ఏ ఓటూ వృథా పోకూడదన్న పట్టుదల దీని వెనక ఉంది. దశాబ్దాలపాటు ఓటే లేని జనానికి ఆ పట్టుదల న్యాయమైనదే.

దీనికి మరో ముఖం ఉంది. పార్టీ సభ్యత్వం పోయిన మరుక్షణం పార్లమెంటు సభ్యత్వమూ పోతుంది. జాబితాలో ఖాళీ అయిన చోటికి తర్వాతి పేరు జరుగుతుంది. మధ్యలో కొన్నేళ్లు ఫిరాయింపులకు నిర్ణీత గడువుల్లో వీలు కల్పించారు. అధికార పార్టీయే దాంతో బాగా లాభపడింది. జనం ఛీకొట్టాక 2009లో ఆ వెసులుబాటును ఎత్తేశారు. సభ్యుడికి టికెట్ ఇచ్చేది పార్టీ, జాబితాలో పైకి జరిపేది పార్టీ, తీసేసేది కూడా పార్టీయే. సభ్యులకు పార్టీలు ఏదో ఒక ప్రాంతాన్ని అప్పగించి అక్కడ ఆఫీసు తెరిపిస్తాయి గానీ, ఆ ప్రాంతపు ఓటరు అతణ్ణి ఓడించలేడు. ఈ పార్లమెంటు బలహీనతల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

2020 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం, పార్టీలో చేరకుండా పోటీ చేసే హక్కు పౌరుడికి ఉందని తీర్పిచ్చింది. దాంతో చట్టం మార్చారు. 2024 మే 29 ఎన్నికల్లో తొలిసారి స్వతంత్రులు బరిలో నిలిచారు. ఓటరు చేతికి రెండు బదులు మూడు బ్యాలెట్లు వచ్చాయి. అసెంబ్లీకి మాత్రం ఒక్క స్వతంత్రుడూ గెలవలేదు.

ఆ ఎన్నికల్లో పెద్ద మార్పు వేరే ఉంది. ముప్పై ఏళ్లుగా సొంత మెజారిటీతో ఏలిన ఏఎన్‌సీకి 40 శాతం ఓట్లే వచ్చి, 2019లో 230గా ఉన్న స్థానాలు 159కి పడిపోయాయి. డెమొక్రాటిక్ అలయన్స్‌కు 87, మాజీ అధ్యక్షుడు జేకబ్ జుమా ముందుండి నడిపిన ఎంకే పార్టీకి 58, ఎకనామిక్ ఫ్రీడమ్ ఫైటర్స్ (ఈఎఫ్‌ఎఫ్)కు 39, ఇంకాథా ఫ్రీడమ్ పార్టీకి 17 వచ్చాయి. మొత్తం 18 పార్టీలు సభలో అడుగుపెట్టాయి. సాధారణ మెజారిటీకి కావాల్సిన 201 ఎవరి దగ్గరా లేదు.

మొదటి రోజు

ఎన్నికల ఫలితం ప్రకటించిన 14 రోజుల్లోగా కొత్త అసెంబ్లీ కూర్చోవాలని రాజ్యాంగం చెబుతుంది. 2024లో ఫలితాలు జూన్ 2న వచ్చాయి. సంకీర్ణం అలవాటే లేని పార్టీలకు బేరసారాలకు రెండు వారాల గడువే దొరికింది. జూన్ 14న సభ మొదలయ్యే వేళకు కూడా ఒప్పందం మీద సంతకాలు పూర్తి కాలేదు.

పార్లమెంటు భవనం 2022 మంటల్లో కాలిపోయి ఉండటంతో ఆ రోజు సభ కేప్‌టౌన్ అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగింది. ప్రధాన న్యాయమూర్తి రేమండ్ జోండో అధ్యక్ష స్థానంలో ఉన్నారు. సభ్యులు గుంపులు గుంపులుగా ముందుకొచ్చి ప్రమాణం చేశారు. ప్రమాణం పార్టీ పేర కాదు, గణతంత్రం పేర, రాజ్యాంగం పేర. ఎన్నికల్లో అక్రమాలు జరిగాయంటూ ఎంకే సభ్యులు రాలేదు. తర్వాత స్పీకర్ ఎన్నిక. ఒక్కొక్కరి పేరే పిలుస్తారు. ఆ సభ్యుడు లేచి, బ్యాలెట్ కాగితం తీసుకుని, తెరచాటు గూటిలోకి వెళ్లి గుర్తు పెట్టి, పెట్టెలో వేసి వెనక్కి రావాలి. మూడు వందల పైచిలుకు మంది ఇలా నడవాలంటే గంటలు పడుతుంది. ఏఎన్‌సీకి చెందిన తోకో డిడీజా స్పీకరయ్యారు. డిప్యూటీ స్పీకర్ పదవి డెమొక్రాటిక్ అలయన్స్‌కు చెందిన ఆనెలీ లోట్రియట్‌కు దక్కింది. ఈలోగా ఆ రెండు పార్టీల ఒప్పందం ఖరారైంది. రాత్రి పొద్దుపోయాక అధ్యక్షుడి ఎన్నిక ఫలితం వచ్చింది: రామఫోసాకు 283 ఓట్లు, ఈఎఫ్‌ఎఫ్ నాయకుడు జూలియస్ మలేమాకు 44.

అధ్యక్షుడిగా ఎన్నికైన క్షణం నుంచి ఆ మనిషి అసెంబ్లీ సభ్యుడు కాడు. అయినా అసెంబ్లీకి జవాబుదారీ. పేరు అధ్యక్షుడిదే అయినా, సభ విశ్వాసం మీద నిలబడే విషయంలో ఆయన స్థానం మన ప్రధానమంత్రిదానికి దగ్గరగా ఉంటుంది. ఉపాధ్యక్షుణ్ణి అసెంబ్లీ సభ్యుల్లోంచే తీసుకోవాలి. మంత్రుల్లో ఇద్దరిని మించి బయటివాళ్లు ఉండకూడదు.

ప్రావిన్సుల సభ

ఎగువ సభలో ప్రతి ప్రావిన్సుకూ పది మంది. అందులో ఆరుగురు శాశ్వత ప్రతినిధులు, నలుగురు అవసరాన్ని బట్టి మారే ప్రత్యేక ప్రతినిధులు. ఆ నలుగురిలో ప్రావిన్సు ప్రీమియర్ గానీ ఆయన పంపిన మనిషి గానీ ఉంటారు. కోటిన్నర మంది ఉన్న గౌటెంగ్‌కూ, దేశంలో అన్నిటికన్నా తక్కువ జనం ఉన్న నార్తర్న్ కేప్‌కూ బలం సమానం. మన రాజ్యసభలో జనాభాను బట్టి సీట్లు కాబట్టి ఈ తేడా గమనించదగ్గది. మునిసిపాలిటీల తరఫున పదిమంది దాకా వచ్చి మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు.

ఈ సభ బిల్లును బట్టి రెండు రకాలుగా ఓటేస్తుంది. ప్రావిన్సులను తాకని మామూలు బిల్లయితే ఎవరి ఓటు వారిది. విద్య, వైద్యం, గృహనిర్మాణం వంటి ప్రావిన్సుల అంశాలను తాకే బిల్లయితే మొత్తం ప్రావిన్సుకు ఒకే ఓటు. సభలో పదిమంది ఉన్నా, తమ శాసనసభ ఇచ్చిన ఆదేశాన్ని బట్టి జట్టు నాయకుడు ఒక్కడు చెబుతాడు. తొమ్మిదింట ఐదు ఔనంటే బిల్లు గట్టెక్కుతుంది.

అందుకే ప్రతి బిల్లుకూ మొట్టమొదట అది ఏ రకమో తేల్చాలి. రెండు సభల అధ్యక్షులు, ఉపాధ్యక్షులు కూర్చుని ఆ ముద్ర వేస్తారు. పైకి గుమస్తా పనిలా కనిపిస్తుంది గానీ, సామూహిక భూముల హక్కులపై చేసిన చట్టాన్ని 2010లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది ఈ ముద్ర తప్పుగా వేసినందుకే. ప్రావిన్సుల మాట వినాల్సిన బిల్లును వినక్కర్లేని బిల్లుగా నడిపించారని తేల్చింది.

బిల్లు నడక

బిల్లుల్లో ఎక్కువ భాగం మంత్రుల నుంచే వస్తాయి. పార్లమెంటు సంఘం (కమిటీ) గానీ, విడి సభ్యుడు గానీ కూడా పెట్టవచ్చు. ద్రవ్య బిల్లు మాత్రం ఆర్థిక మంత్రి ఒక్కరే పెట్టాలి. ప్రవేశపెట్టాక బిల్లు సంబంధిత శాఖ సంఘానికి వెళుతుంది. అసలు పని అక్కడ జరుగుతుంది. పత్రికా ప్రకటన ఇచ్చి లిఖితపూర్వక అభిప్రాయాలు అడుగుతారు. ప్రావిన్సుల్లో తిరిగి బహిరంగ విచారణలు పెడతారు. సంఘం క్లాజు వారీగా చర్చించి సవరించి సభకు పంపుతుంది. బిల్లు మీద ఓటింగు జరగాలంటే అసెంబ్లీలో సగానికి మించి సభ్యులు హాజరు కావాలి. మిగతా విషయాలకు మూడో వంతు చాలు. స్పీకర్ మామూలుగా ఓటేయరు, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వేస్తారు. మూడింట రెండొంతులు కావాల్సిన చోట మాత్రం అందరిలా ఓటేయవచ్చు. ప్రావిన్సుల బిల్లుపై రెండు సభలకూ పొత్తు కుదరకపోతే తొమ్మిది, తొమ్మిది మందితో మధ్యవర్తిత్వ సంఘం కూర్చుంటుంది. అదీ విఫలమైతే అసెంబ్లీ మూడింట రెండొంతుల మెజారిటీతో తన మాట నెగ్గించుకోవచ్చు.

ప్రజల అభిప్రాయం అడగడం మర్యాద కోసం పెట్టిన తంతు కాదు, రాజ్యాంగం పెట్టిన బాధ్యత. దక్షిణాఫ్రికా పార్లమెంటులో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చే విషయం ఇదే. 2006లో ‘డాక్టర్స్ ఫర్ లైఫ్’ కేసులో రాజ్యాంగ న్యాయస్థానం రెండు ఆరోగ్య చట్టాలను చెల్లవంది. ప్రావిన్సుల సభ ప్రజలకు సరైన అవకాశం ఇవ్వలేదన్నదే కారణం. 2016లో భూముల పునరుద్ధరణ సవరణ చట్టానికీ అదే గతి పట్టింది. జాత్యహంకార పాలనలో లాక్కున్న భూమికి దావా వేసే గడువును మళ్లీ తెరిచిన చట్టమది. పేదలకు మేలు చేసేదే. కానీ 2014 ఎన్నికల ముందు హడావిడిగా నడిపారు. ఊళ్లలో విచారణ ఉందన్న కబురు చేరేలోపే విచారణ ముగిసిపోతే అది ప్రజల పాత్ర కాదని కోర్టు ఖరాఖండిగా చెప్పింది. 2023లో సంప్రదాయ నాయకత్వ చట్టాన్ని కూడా ఇదే కారణంతో పక్కన పెట్టింది. చట్టం మంచిదైనా, దాని కింద బతికేవాళ్లను అడగకుండా చేస్తే నిలవదు.

చివరికి బిల్లు అధ్యక్షుడి దగ్గరికి వెళుతుంది. రాజ్యాంగపరమైన అనుమానం ఉంటే ఆయన తిప్పి పంపవచ్చు. అప్పటికీ అనుమానం తీరకపోతే రాజ్యాంగ న్యాయస్థానానికి నివేదించవచ్చు. ప్రభుత్వ రహస్యాల బిల్లును 2013లో పార్లమెంటు ఆమోదించింది. విలేఖరులు, పౌర సంఘాలు వీధికెక్కాయి. జుమా ఒకసారి, రామఫోసా మరోసారి దాన్ని వెనక్కి పంపారు. సంతకం చేసిన చట్టం మీద కూడా అసెంబ్లీలో మూడో వంతు మంది కలిస్తే 30 రోజుల్లోగా నేరుగా రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లవచ్చు.

రాజ్యాంగాన్ని సవరించాలంటే అసెంబ్లీలో కనీసం 267 ఓట్లు కావాలి. దేశపు మౌలిక విలువలు చెప్పే మొదటి అధికరణాన్ని మార్చాలంటే నాలుగింట మూడొంతులు, అంటే 300. పరిహారం లేకుండా భూమి తీసుకునేందుకు తెచ్చిన సవరణ 2021 డిసెంబరు 7న వీగిపోయింది. అనుకూలంగా 204, వ్యతిరేకంగా 145. పరిహారమే ఉండకూడదని కొందరు, ఉండి తీరాలని కొందరు పట్టుబట్టడంతో రెండు వైపుల నుంచీ అది దెబ్బతింది.

సంఘాల గదులు

ప్రతి మంత్రిత్వ శాఖకూ ఎదురుగా అసెంబ్లీలో ఒక సంఘం ఉంటుంది. మంత్రిని, అధికారులను పిలిపించి ప్రశ్నించే అధికారం, పత్రాలు తెప్పించుకునే అధికారం దానికున్నాయి. సమావేశాలు సాధారణంగా అందరికీ తెరిచే ఉంటాయి. ఏ సంఘంలో ఎవరేమన్నారో 1995 నుంచి పార్లమెంటరీ మానిటరింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ రాసి భద్రపరుస్తోంది. దేశ ప్రజాస్వామ్యానికి అది చేస్తున్న సేవ చిన్నది కాదు.

ప్రజా పద్దుల సంఘానికి ప్రతిపక్షం లేదా చిన్న పార్టీ సభ్యుణ్ణి అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ. ఆ సంఘం 2001లో ఆయుధాల కొనుగోలు కుంభకోణాన్ని తవ్వబోయింది. అందులో ఏఎన్‌సీ బృందానికి నాయకుడైన ఆండ్రూ ఫైన్‌స్టైన్ సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీశాడు. పార్టీ అతణ్ణి ఆ బాధ్యత నుంచి తప్పించింది. కొన్ని నెలలకు అతను పార్లమెంటుకే రాజీనామా చేశాడు. జాబితా పద్ధతిలో పార్టీ కొరడా ఎంత పొడుగ్గా చేరుతుందో ఆ సంఘటన తర్వాతి సభ్యులందరికీ చూపించింది.

ఫలితం జుమా కాలంలో కనిపించింది. ప్రభుత్వ సంస్థలను కొద్దిమంది తమ చేతుల్లోకి తీసుకుంటున్నారని పత్రికలు ఏళ్ల తరబడి రాసినా సంఘాలు కదల్లేదు. 2017లో విద్యుత్ సంస్థ ఎస్కామ్ మీద ఒక సంఘం గట్టిగా విచారణ చేపట్టినప్పుడు, ఈ అధికారాలు నిజంగా పనిచేస్తాయని దేశం టీవీల్లో చూసింది. ఆ పని చాలా ముందే జరగాల్సింది. పర్యవేక్షణలో పార్లమెంటు విఫలమైందని, ఈ వ్యవహారంపై విచారణ జరిపి 2022లో ముగించిన జోండో కమిషన్ నివేదిక కూడా తేల్చింది.

అధ్యక్షుణ్ణి నిలదీయడం

అధ్యక్షుడు మూడు నెలలకోసారైనా వచ్చి సభ్యుల మౌఖిక ప్రశ్నలకు జవాబివ్వాలి. మంత్రులకు జట్ల వారీగా వంతులుంటాయి. ప్రశ్నలతో ఆగకపోతే రెండు దారులున్నాయి. ఒకటి అవిశ్వాసం. దీనికి సాధారణ మెజారిటీ చాలు, అధ్యక్షుడితోపాటు మంత్రివర్గమంతా దిగిపోవాలి. రెండోది రాజ్యాంగ ఉల్లంఘన, తీవ్ర దుష్ప్రవర్తన, అశక్తత కారణంగా తొలగింపు. దానికి మూడింట రెండొంతులు కావాలి.

ఎన్‌కాండ్లా కథ ఈ విషయంలో పాఠ్యగ్రంథం లాంటిది. అక్కడున్న జుమా సొంత ఇంటికి భద్రత పేరిట దాదాపు 24.6 కోట్ల ర్యాండ్ల ప్రభుత్వ సొమ్ము ఖర్చయింది. ఈత కొలను, పశువుల కొట్టం, కోళ్ల గూడు, అతిథుల మందిరం వంటివి భద్రత కిందికి రావని, వాటి ఖర్చులో కొంత భాగం ఆయన తిరిగి కట్టాలని 2014 మార్చిలో పబ్లిక్ ప్రొటెక్టర్ (ప్రభుత్వ అక్రమాలను విచారించే రాజ్యాంగాధికారి) తులి మడొన్‌సెలా నివేదిక ఇచ్చారు. అసెంబ్లీ దాన్ని పక్కనబెట్టి, పోలీసు మంత్రి నివేదికను నెత్తిన పెట్టుకుంది. ఈత కొలను మంటలార్పడానికి నీళ్లు నిల్వచేసే కొలనంటూ ఆ మంత్రి వీడియో వేసి చూపించారు. 2015 ఫిబ్రవరి 12న అధ్యక్షుడి ప్రసంగం నాడు, ఎర్ర ఓవరాల్స్, పనిమనుషుల దుస్తులు వేసుకొచ్చే ఈఎఫ్‌ఎఫ్ సభ్యులు డబ్బెప్పుడు కడతావని లేచి అడిగారు. భద్రతా సిబ్బంది వాళ్లను ఈడ్చుకెళ్లారు. అంతకుముందే సభలో ఫోన్ల సిగ్నల్‌ను అడ్డగించారు. గ్యాలరీలో విలేఖరులు ఫోన్లు పైకెత్తి సిగ్నల్ తిరిగివ్వాలని అరిచారు. సిగ్నల్ ఆపడం చట్టవిరుద్ధమని తర్వాత అప్పీళ్ల కోర్టు చెప్పింది.

2016 మార్చి 31న ప్రధాన న్యాయమూర్తి మొగోయెంగ్ మొగోయెంగ్ తీర్పు చదివారు. అధ్యక్షుడు రాజ్యాంగాన్ని నిలబెట్టలేదు, ఆయన్ను జవాబుదారీ చేయాల్సిన అసెంబ్లీ కూడా తన బాధ్యత తప్పింది. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం చట్టసభ మీద ఇంత సూటిగా వేలెత్తడం అరుదు. జుమా 78 లక్షల ర్యాండ్లు కట్టారు. పదవి మాత్రం పోలేదు.

2017 ఆగస్టు 8న జుమాపై అవిశ్వాసం రహస్య బ్యాలెట్‌తో జరిగింది. రహస్య బ్యాలెట్ పెట్టే అధికారం స్పీకర్‌కు ఉందని రాజ్యాంగ న్యాయస్థానం అప్పటికే చెప్పింది. తీర్మానానికి 177 మంది ఔనన్నారు, 198 మంది కాదన్నారు. ప్రతిపక్షాలకు మొత్తం ఉన్నది 151 స్థానాలే. అంటే పేరు బయటపడదన్న ధీమా దొరకగానే కనీసం 26 మంది అధికార పార్టీ సభ్యులు తమ అధ్యక్షుడికి ఎదురు తిరిగారు. 2022 డిసెంబరు 13న వరస తిరగబడింది. రామఫోసా ఫాలాఫాలా పొలంలో దాచిన విదేశీ కరెన్సీ దొంగతనంపై స్వతంత్ర ప్యానెల్ ఇచ్చిన నివేదికను ఆమోదించాలా వద్దా అన్న ప్రశ్న సభ ముందుకొచ్చింది. ఈసారి పేరుపేరునా పిలిచి బహిరంగంగా ఓటడిగారు. వద్దన్నవారు 214, కావాలన్నవారు 148. పార్టీ గీత దాటినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నాటి మంత్రి ఎన్‌కోసజానా డ్లమిని-జుమా వాళ్లలో ఒకరు.

1994 నుంచి పదవీకాలం ముగియకుండా ఇద్దరు అధ్యక్షులు దిగిపోయారు: 2008లో తాబో ఎంబెకి, 2018లో జుమా. ఇద్దరినీ పంపింది ఏఎన్‌సీ నాయకత్వం. పార్లమెంటు వాళ్ల వారసులను ఎన్నుకుంది, అంతే. ఇతర ఉన్నత పదవుల విషయంలో మాత్రం అసెంబ్లీ కొరడా ఝుళిపించింది. 2023 సెప్టెంబరులో పబ్లిక్ ప్రొటెక్టర్ బుసిసివే ఎమ్‌క్వెబానేను, 2024 ఫిబ్రవరిలో ఇద్దరు న్యాయమూర్తులను మూడింట రెండొంతులకు మించిన ఓట్లతో తొలగించింది.

భాషలు, భవనం

సభ్యులు ఏ అధికార భాషలోనైనా మాట్లాడవచ్చు, దుబాసీలు ఉంటారు. 2023లో సంజ్ఞా భాష చేరడంతో ఆ భాషలు పన్నెండయ్యాయి. అధ్యక్షుడి వార్షిక ప్రసంగానికి ముందు ఇంబోంగి అనే స్తుతికవి ఆశువుగా ఆయన వంశాన్నీ గుణాన్నీ గానం చేసే సంప్రదాయం ఉంది. తెలుగు అధికార భాష కాదు గానీ, దేశ భాషామండలి గౌరవించి పెంపొందించాల్సిన సమాజ భాషల జాబితాలో రాజ్యాంగం ఆరో అధికరణం తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగునూ పేరుపెట్టి చెప్పింది. డర్బన్ తెలుగువారు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ వంటి సంస్థలు ఇంట్లో భాషను నిలబెట్టకపోతే ఆ పేరు అక్కడ చేరేది కాదేమో.

1884లో పూర్తయిన పాత భవనానికి తర్వాతి కాలంలో చేర్చిన కట్టడాలెన్నో ఉన్నాయి. 1966 సెప్టెంబరు 6న ప్రధాని వెర్వోర్డ్‌ను ఒక పార్లమెంటు బంట్రోతు పొడిచి చంపింది ఇక్కడి సభామందిరంలోనే. 2022 జనవరి 2న చెలరేగిన మంటల్లో నేషనల్ అసెంబ్లీ మందిరం బూడిదైంది. ఆ మందిరం మొదట కట్టింది మూడు సభల పార్లమెంటు ఉమ్మడి సమావేశాల కోసం. అప్పటి నుంచి అధ్యక్షుడి ప్రసంగాలు కేప్‌టౌన్ సిటీహాలులో జరుగుతున్నాయి. 1990 ఫిబ్రవరి 11న జైలు నుంచి బయటికొచ్చిన మండేలా జనంతో మాట్లాడింది ఆ హాలు బాల్కనీలోంచే.

సంకీర్ణం వచ్చాక

మెజారిటీ లేని సభ ఎలా పనిచేస్తుందో 2025 బడ్జెట్ చూపించింది. ఫిబ్రవరి 19న ఆర్థిక మంత్రి ఎనాక్ గొడొంగ్వానా ప్రసంగం మొదలు కావాల్సిన వేళకు మంత్రివర్గంలోనే ఒప్పందం కుదరలేదు. విలువ ఆధారిత పన్నును 15 నుంచి 17 శాతానికి పెంచాలన్న ప్రతిపాదనే తగవు. బడ్జెట్ వాయిదా పడింది, అలా పడటం ప్రజాస్వామ్యం వచ్చాక అదే మొదటిసారి. మార్చి 12న అర శాతం చొప్పున రెండేళ్లు పెంచుతామన్నారు. ఏప్రిల్ 2న అసెంబ్లీ ఆర్థిక చట్రాన్ని 194–182తో ఆమోదించింది. మంత్రివర్గంలో ఉన్న డెమొక్రాటిక్ అలయన్స్ వ్యతిరేకంగా ఓటేసి కోర్టుకెక్కింది. ఏప్రిల్ 24న మంత్రి పన్ను పెంపును వెనక్కి తీసుకున్నారు. ఆ వెంటనే హైకోర్టు కూడా పెంపును నిలిపేస్తూ, అసెంబ్లీ ఆమోదాన్ని పక్కన పెట్టింది. మే 21న మూడో బడ్జెట్ వచ్చింది. బడ్జెట్‌ను సవరించే అధికారం 2009 చట్టం నుంచీ పార్లమెంటుకు ఉంది. ఏఎన్‌సీకి సొంత మెజారిటీ ఉన్నన్నాళ్లూ దాన్ని వాడే అవసరం ఎవరికీ రాలేదు. 2025లో సామాన్య కుటుంబాల మీద పడబోయిన పన్ను, సభలో మెజారిటీ లేకపోవడం వల్ల, కోర్టు కేసు వల్ల ఆగింది.

సభ్యుణ్ణి పార్టీ జాబితాకు కట్టేసిన పద్ధతిపై చర్చ ఆగలేదు. కొంతమంది సభ్యులనైనా నియోజకవర్గాల నుంచి ఎన్నుకోవాలని 2003లో ఫ్రెడరిక్ వాన్ జైల్ స్లాబర్ట్ నాయకత్వంలోని సంఘంలో అధికులు సూచించారు. ప్రభుత్వం పట్టించుకోలేదు. స్వతంత్రులకు దారి తెరిచిన చట్టమే, 2024 తర్వాతి ఎన్నికల పద్ధతిపై సలహా ఇచ్చేందుకు ఒక సంప్రదింపుల ప్యానెల్‌ను కూడా ఏర్పాటు చేయించింది. దాని సలహా ఏదైనా, ఆ మార్పును చట్టం చేయాల్సింది మళ్లీ ఇదే సభ, ఈ జాబితాల మీద గెలిచి వచ్చిన సభ్యులే.